పాత్ర వెనక నిలబడ్డ మనిషి

1943లో ఒక ఆదివారం ఉదయం. పారిస్ ఇంకా జర్మన్ సైన్యం చేతుల్లోనే ఉంది. చర్చికి వెళ్తున్నానని అమ్మతో చెప్పి ఒక 17 ఏళ్ల కుర్రాడు ఇంట్లోంచి బయటపడ్డాడు. వెళ్లింది మాత్రం ఫ్రాన్స్ జాతీయ నాటకశాల కొమెడీ ఫ్రాన్సేజ్ నటుడు మోరిస్ ఎస్కాండ్ ఇంటికి. బేకరీలో పని నేర్చుకుని, బ్యాంకులో గుమాస్తాగిరీ చేసిన ఆ పిల్లాడు తలుపు తట్టి, నటుణ్ని కావాలని అడిగాడు. అతనే ఫ్రెంచ్ నటుడు మిషెల్ బూకే. ఆ రోజు మొదలైన నడక వయసు 90 దాటాక కూడా ఆయన్ని రంగస్థలం మీదే ఉంచింది. 2022 ఏప్రిల్ 13న, 96వ ఏట ఆయన కన్నుమూశారు.

మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. గొంతు విన్నవాళ్లు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. నాజీ మృత్యుశిబిరాల మీద అలెన్ రెనే 1956లో తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’ డాక్యుమెంటరీలో కథనం వినిపించింది ఆయనే. అరగంటసేపు సాగే ఆ గొంతు ఎక్కడా ఏడవదు, ఎక్కడా ఆవేశపడదు. అందుకే వింటున్నవాళ్లకు ఊపిరి ఆడదు. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో, టైటిల్స్‌లో తన పేరు వెయ్యొద్దని ఆయనే కోరారు. పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడుతుందన్న దానికే తగవులు పడే రంగంలో ఇది మామూలు విషయం కాదు. ఆయన జీవితం మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందని మేం నమ్ముతున్నాం.

సినిమాల్లో షాబ్రోల్, ట్రూఫో లాంటి దర్శకులతో పనిచేశారు. ఉత్తమ నటుడిగా 2002లో, 2006లో ఫ్రెంచ్ సినిమా పురస్కారాలైన సీజర్ అవార్డులు అందుకున్నారు. రెండోది ఫ్రాన్స్ అధ్యక్షుడు మిట్టరాండ్ చివరి రోజుల పాత్రకు. 1977 నుంచి 1990 దాకా పారిస్‌లోని నటనా కళాశాల, నాటక కన్సర్వేటరీలో పాఠాలు కూడా చెప్పారు. 

అయినా ఆయన్ని అంచనా వెయ్యాల్సింది నాటకంతోనే. నాటకకర్త అయొనెస్కో రాసిన ‘రాజు చనిపోతున్నాడు’ నాటకాన్ని 1994 నుంచి 800 సార్లకు పైగా ఆడారు. నాటకం ముగిసేలోపు నువ్వు చనిపోతావని రాజుకు మొదట్లోనే చెప్పేస్తారు. రాజు ఒప్పుకోడు. అరుస్తాడు, బతిమాలతాడు, చిన్నపిల్లాడిలా మారాం చేస్తాడు. ఒకే పాత్రను అన్నిసార్లు వేస్తే చప్పబడిపోతుందని అనుకోవడం సహజం. బూకే విషయంలో జరిగింది వేరు. అరవై దాటిన వయసులో మొదలుపెట్టిన రాజు పాత్రకు 79వ ఏట, 2005లో, ఫ్రెంచ్ నాటకరంగం ఇచ్చే మోలియేర్ పురస్కారం దక్కింది. మధ్యలో ఆయన వయసే ఆ పాత్రలోకి వచ్చి చేరింది. సంభాషణలు పాతవే, చెప్పే మనిషికి మాత్రం చావు ఇంకాస్త దగ్గరైంది.

ఆయన పోయాక ఫ్రెంచ్ ప్రభుత్వం పారిస్‌లోని చారిత్రక సైనిక భవనం ఇన్వాలిడ్స్‌లో జాతీయ నివాళి జరిపింది. న్యాయమే. మాకు మాత్రం ఆ నాటకంలోని చివరి ఘట్టమే ఎక్కువ గుర్తుంటుంది. రాజును ఒక్కొక్క బంధం నుంచీ విడిపించి, మెల్లగా సింహాసనం దాకా నడిపించేది పెద్దరాణి. ఆ పాత్ర వేసింది ఆయన భార్య జూలియెట్ కారే. ప్రదర్శన ఉన్న ప్రతి రోజూ కట్టుకున్న మనిషే ఆయన్ని చావు గడప దాకా సాగనంపేది. మరో ప్రదర్శనకు మళ్లీ ఇద్దరూ రంగు పూసుకుని వేదిక ఎక్కేవారు.