టైల్స్ మెరిస్తే చాలదు, స్పోర్ టెస్ట్ కాగితం చూపించాలి

చెవి తమ్మె కుట్టించుకోవడం వేరు, పైన గట్టిగా ఉండే కార్టిలేజ్‌కి కుట్టించుకోవడం వేరు. ఈ తేడా కుట్టించుకునేవాళ్లలో చాలామందికి తెలీదు, కుట్టేవాళ్లలో కొందరికీ తెలీదు, అదే మా బాధ. కార్టిలేజ్‌లో రక్తనాళాలుండవు, అందుకే అక్కడ సూడోమోనాస్ లాంటి బాక్టీరియా చేరిందంటే మింగిన మందు అక్కడిదాకా సరిగా అందదు, చెవి ఎర్రగా ఉబ్బిపోయి ముట్టుకుంటేనే ప్రాణం పోయినట్టుంటుంది, ఆలస్యమైతే కోసి చీము తీయాల్సొస్తుంది, తర్వాత ఆ చెవి ముడుచుకుపోయి అలాగే ఉండిపోవచ్చు.

2000లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఒకే చోట చెవి పైభాగం కుట్టించుకున్న 7 మందికి ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టు తేలింది, ఆరా తీస్తే అదే బాక్టీరియా దొరికింది ఎక్కడో తెలుసా, క్రిముల్ని చంపడానికని పెట్టుకున్న డిసిన్ఫెక్టెంట్ బాటిల్‌లో! అంటే శుభ్రం చేస్తున్నాం అనుకుంటూనే రోగం అంటించారు. వాళ్లెవరూ కావాలని చేసుండరు, కానీ చెవి పోయినవాళ్లకి ఆ మాటతో ఏం ఒరుగుతుంది.

చెవులు కుట్టడానికి వాడే గన్ సంగతి కూడా చెప్పుకోవాలి. అది పదునైన సూదితో కుట్టదు, మొద్దుగా ఉండే పోగునే స్ప్రింగ్ బలంతో చర్మంలోకి తోసేస్తుంది, కార్టిలేజ్ నలిగిపోతుంది. చాలా గన్‌లకి ప్లాస్టిక్ బాడీ కాబట్టి ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్‌లో, పెడితే కరిగిపోతాయి, అందుకని స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి వాడతారు. కంటికి కనిపించనంత రక్తం మరక ఉన్నా చాలు, హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికుంటుంది. కార్టిలేజ్‌కి గన్ వాడటాన్ని పూర్తిగా నిషేధించాలి, ఇందులో మధ్యేమార్గం ఉందని మేం అనుకోవడం లేదు. ఒకసారి వాడి పారేసే సూది ఉండగా గన్ ఎందుకు?

ఇక కుట్టే షాపుల్లో తనిఖీలు. ఇన్‌స్పెక్టర్ వస్తాడు, నేల చూస్తాడు, గ్లవ్స్ ఉన్నాయా అడుగుతాడు, గోడ మీద సర్టిఫికెట్ చూసి వెళ్లిపోతాడు. అసలు చూడాల్సింది ఆటోక్లేవ్‌ని. 121 డిగ్రీల ఆవిరిలో ప్రెషర్ మీద కనీసం 15 నిమిషాలు ఉంటేనే పరికరం స్టెరైల్ అవుతుంది. పరికరాల్ని పెట్టే పౌచ్ మీద గీత రంగు మారింది కదా అని చూపిస్తారు, కానీ ఆ రంగు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే, క్రిములు చచ్చాయని కాదు. అది తేలాలంటే స్పోర్ టెస్ట్ చెయ్యాలి, ఒక పట్టాన చావని బాక్టీరియా స్పోర్లున్న చిన్న వయల్‌ని సామానుతో పాటే లోపల పెట్టి, తీశాక వెచ్చగా ఉంచి చూస్తారు, అందులో ఏదైనా పెరిగితే ఆ మెషిన్‌ని నమ్మకూడదు. పెద్ద ఖర్చు కాదు, పెద్ద చదువూ అక్కర్లేదు. నెలకోసారైనా చేసి ఆ రిపోర్ట్ కస్టమర్‌కి కనిపించేలా పెట్టమనే రూల్ ప్రతిచోటా రావాలి.

అసాధ్యమేం కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2024 నవంబర్ 29 నుంచి కుట్టే మనిషికి లైసెన్స్ ఉండాలి, కుట్టే చోటుకి విడిగా అనుమతి ఉండాలి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌లో శిక్షణ లేకుండా లైసెన్స్ ఇవ్వరు. షాపుకి మాత్రమే లైసెన్సిస్తే నిన్న చేరిన కుర్రాడు ఇవాళ నాలుక కుట్టేస్తాడు, ఆ పద్ధతి పోవాలి.

పద్ధతిగా చేసేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు, సూదికి, స్టెరిలైజేషన్‌కి డబ్బులు పెడుతున్నారు, అవేం లేకుండా తక్కువకి కుట్టేవాడితో పోటీ పడలేక నలిగిపోతున్నారు. రూల్ గట్టిగా ఉంటే ముందు బాగుపడేది వాళ్లే. అప్పటిదాకా ఎవరైనా కుర్చీలో కూర్చునే ముందు ఆఖరి స్పోర్ టెస్ట్ ఎప్పుడు చేశారో అడగండి, రిపోర్ట్ చూపించకపోతే లేచి వచ్చేయండి.