గుమ్మానికి తగిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, వీధి తలుపు మార్చి చూడు అని మాత్రం అనలేదు. వాళ్ల కాలంలో ఆ అవసరం రాకపోవడమే దీనికి కారణమై ఉండాలి. ఇంటితో పుట్టిన తలుపు ఇంటితోనే పోయేది. ఈ లోటును పూరించే సదుద్దేశంతో, కోనసీమలోని మా తాతగారి మండువా ఇంటికి కొత్త వీధి తలుపు ఎంపిక చేసిన కుటుంబ సంఘంలో సభ్యుడిగా నేను గడించిన అనుభవాన్ని, ఇటువంటి కార్యానికి పూనుకోబోయే పాత ఇళ్ల వారసుల ఉపయోగార్థం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ముందుగా పాత తలుపు చేసిన నేరమేమిటో చెప్పాలి. 1934లో కట్టిన ఇల్లు అది. మన్యం టేకు గోదావరి మీద రాజమండ్రి చేరి, అక్కడి నుంచి కాలువ పడవలో ఊరికి వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. రెండు రెక్కలు, రెక్కకు మూడేసి పలకలు. ఒక్కో పలకనూ చుట్టూ ఉన్న చట్రంలో గాడి తీసి, జిగురు పెట్టకుండా కాస్త వదులుగా కూర్చారు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. మెసలడానికి ఎవరి గాడిలో వాళ్లకు కాస్త చోటుంటే పలకా పగలదు, చట్రమూ విడిపోదు. ఈ సంగతి తలుపుకు తెలిసినంత బాగా మాకు తెలిసి ఉంటే ఆ ఇంటికి ఇవాళ నలుగురం వాటాదారులం అయ్యేవాళ్లం కాము. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే మట్టి చార, ఎన్నిసార్లు నూనె రాసినా పోకుండా, మోకాలి ఎత్తున ఆ పలకల మీద ఉండేది. 1996 నవంబరు తుఫాను దొడ్లోని కొబ్బరి చెట్లనూ, ఇంటి మీద పెంకులనూ తీసుకుపోయింది గాని, అడ్డకర్ర వేసి ఉన్న ఆ తలుపును తెరవలేకపోయింది.

ఇంత చరిత్ర ఉన్న తలుపులో ఎడమ రెక్క అడుగున జానెడు మేర చెద పట్టింది. ఊళ్లో వడ్రంగి వచ్చి గొంతుక్కూర్చుని, ఉలి పిడితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్ అన్న చప్పుడు అడుగుకు రాగానే డొల్లగా మారింది. "ఆయ్, కింద అడ్డచెక్క ఒక్కటే పోయిందండి. అంతవరకు కోసేసి పాత టేకు ముక్క అతికి, గడప కింద చెదమందు కొట్టిస్తే మళ్లీ మీ మనవలే చూసుకుంటారండి. రెండ్రోజుల పని" అన్నాడు. సంఘం ఆయన అభిప్రాయాన్ని గౌరవంగా విని, ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. రెండు రోజుల పనికి నలుగురు వాటాదారులు, ఒక వాస్తు సలహాదారు, డాలస్ నుంచి ఒక వీడియో కాలు ఎందుకు? పైగా చక్కగా బాగుచేసిన తలుపుకు ఉన్న పెద్ద లోపమేమిటంటే, బాగుచేసినట్టు ఎవరికీ కనపడదు.

సంఘంలో ఎవరెవరున్నారన్నదీ చెప్పాలి. హైదరాబాదులో విల్లా కొనుక్కున్న మా బావ అధ్యక్షుడు. డాలస్ తమ్ముడు, విశాఖపట్నం అన్నయ్య, నేను సభ్యులం. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉండే ఏకైక మనిషి, ఆ తలుపును రోజుకు ఇరవైసార్లు తీసి వేసే మా మేనత్త. ఆవిడకు సంఘంలో స్థానం కల్పించలేదు. అనుభవం ఉన్నవాళ్లు చర్చలో ఉంటే చర్చ తొందరగా అయిపోతుందన్న భయం మాకుంది.

సరుకు విషయానికి వస్తే, కొత్త టేకు తలుపు చేయిద్దామన్న అన్నయ్య ప్రతిపాదనతో మేం టింబరు డిపోకు వెళ్లాం. అక్కడ ఘనపుటడుగు ధర విన్నాక అన్నయ్యే ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నాడు. మాకు చూపించిన దుంగ ఘనా దేశం నుంచి వచ్చిందట. త్వరగా పెంచి త్వరగా నరికిన చెట్టు కావడం వల్ల చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. చెదకు చేవ అంటే పడదు, తెల్లచెక్క అంటే విందు భోజనం. అంటే తొంభై ఏళ్ల చేవదేరిన టేకును చెద పట్టిందని తీసేసి, చెద పిలవకుండానే వచ్చే టేకును దాని స్థానంలో పెట్టాలన్నమాట. ప్రతిపాదన తర్కబద్ధంగానే ఉంది గాని ధర కుదరలేదు.

తరవాత చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోసిన తలుపులు చూశాం. నీరు తాగదు, చెద తినదు అని అమ్మేవాడు గట్టిగా హామీ ఇచ్చాడు. తినడానికి అందులో ఏముందని నేను అడగలేదు. స్నానాలగదికి అంతకంటే మంచిది లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ శుక్రవారం పూట పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టవలసిన గుమ్మానికి అది ఏ చెట్టు కలప కిందికి వస్తుందో వాస్తు సలహాదారు తేల్చి చెప్పలేకపోయాడు.

చివరికి ఉక్కు తలుపు నెగ్గింది. దాని నిర్మాణాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. బయట ఒక పలుచని ఉక్కు రేకు, లోపల ఇంకొకటి, నడుమ తేనెపట్టు గదుల ఆకారంలో మడిచిన అట్ట. రేకు మీద వేడితో అచ్చొత్తిన టేకు ఈనెలు. ఎంత నమ్మకంగా అచ్చొత్తారంటే, ఒకచోట కణుపు కూడా వేశారు. రెండో రెక్క మీద సరిగ్గా అదే ఎత్తులో అదే కణుపు మళ్లీ ఉంది. వడ్రంగి దాన్ని వేలి కణుపుతో ఒకసారి తట్టి, ఏమీ అనకుండా బీడీ ముట్టించుకున్నాడు. సముద్రం గట్టిగా ఇరవై కిలోమీటర్లు లేని ఊళ్లో ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో ప్రతి ఇంటి కిటికీ చువ్వా చెబుతూనే ఉంది గాని, దానికి గ్యారంటీ కార్డు లేదు, తలుపుకు ఉంది.

ఇక్కడే పాత ఇళ్ల వారసులు సాధారణంగా చేసే పొరపాటు ఒకటి ప్రస్తావించాలి. ఇంటికి నప్పే తలుపును వెతకాలని వాళ్లు అనుకుంటారు. అలా వెతుకుతూ పోతే దొరికేది పాత తలుపే. తలుపును ముందు ఎంచుకుని, దానికి నప్పేలా ఇంటిని మార్చుకోవడమే ఆచరణలో జరిగే పని.

మా పాత గుమ్మం ఎత్తు ఐదు అడుగుల తొమ్మిది అంగుళాలు. తల వంచి లోపలికి రావాలని పూర్వులు అలా పెట్టారని అంటారు. ఈ కాలంలో ప్రతివాడూ ఫోను చూస్తూ తల వంచుకునే వస్తాడు కనుక ఆ ఎత్తు మునుపటి కంటే ఇప్పుడే బాగా పనికొచ్చేది. కొత్త తలుపు ఏడడుగులు. కాబట్టి గుమ్మం పైన గోడ పగలగొట్టాం. గానుగ సున్నంతో కట్టిన రెండడుగుల మందపు గోడ అది. ఇద్దరు మనుషులకు మూడు రోజులు పట్టింది. పై కమ్మీ మీద చెక్కిన గజలక్ష్మిని దింపి, రెండు ఏనుగులతో సహా ధాన్యపు గదిలో పెట్టాం. గడప పెకలిస్తుంటే, గుమ్మం ఎత్తిన నాడు దాని కింద వేసిన వెండి రూపాయి బయటపడింది. ఐదో జార్జి బొమ్మ నల్లబడి ఉంది. మేస్త్రి దాన్ని తుడిచి, కొత్త గడప కింద మళ్లీ వేయమంటారా అని అడిగాడు. కొత్త గడప మూడు వేళ్ల వెడల్పు స్టీలు పట్టీ. రూపాయి ఎవరి వాటాకు వస్తుందన్న విషయం సంఘం పరిశీలనలో ఉంది.

తలుపు నిలబెట్టాక చూస్తే, పాత సున్నపు గోడలో అది ముసలాయన నోట్లో కొత్త పళ్ల సెట్టులా మెరిసింది. లోపం గోడదే కనుక గోడకు రాతి రంగు టైల్సు అంటించాం. వీధి అరుగులు టైల్సుకు అడ్డం వస్తున్నాయని అరుగులు తీసేశాం. అరుగులు పోయాక వసారా కొయ్యస్తంభాలు గాలిలో నిలబడినట్టు అయ్యాయి, కనుక స్తంభాలూ పోయాయి. స్తంభాలు లేని పెంకుల చూరు ఎలాగూ నిలవదు. ఇప్పుడు ముందు భాగమంతా పోర్టికో, దాని మీద శ్లాబు, అంచున పట్టీ దీపాలు. తలుపుకు అయినదానికి తొమ్మిది రెట్లు ఖర్చయింది గాని, వీధిలోంచి చూసినవాళ్లెవరూ ఆ తలుపు ఆ ఇంటికి నప్పలేదని అనలేరు.

పాత తలుపును పశువుల పాకలో ఆనించి ఉంచాం. తలుపు మార్చాలని అందరికంటే గట్టిగా వాదించిన బావే, రెండు నెలల తరవాత వచ్చి, తన విల్లా హాల్లో గోడకు అలంకారంగా పెట్టుకుంటానని దాన్ని లారీ ఎక్కించుకుపోయాడు. అడుగున చెద తిన్న జానెడు చెక్కను అతికి పంపుతానని వడ్రంగి ముందుకొచ్చాడు. బావ కంగారుగా అడ్డుపడి, "అది ముట్టుకోవద్దు, అదే దాని అందం" అన్నాడు.

తాళం సంగతి ఒక్కటి మిగిలింది. కొత్త తలుపుకు వేలిముద్రతో తెరుచుకునే తాళం ఉంది. అరవై ఏళ్లుగా చింతపండు పిసికి, కొబ్బరి కోరి, గడపకు పసుపు రాసిన మా మేనత్త బొటనవేలి మీద యంత్రానికి కావలసిన గీతలు మిగల్లేదు. ఆరంకెల రహస్య సంఖ్య నొక్కుదామంటే ఎండలో ఆ నల్లటి అద్దం మీద ఆవిడకు అంకెలు కనపడవు. అత్యవసర తాళంచెవి భద్రంగా హైదరాబాదులో బావ బీరువాలో ఉంది. కనుక ఆవిడ పెరటి దారిన వస్తోంది, పెరటి దారినే వెళ్తోంది. పాలవాడూ, పక్కింటివాళ్లూ, పోస్టుమానూ కూడా అటే అలవాటు పడ్డారు. వీధి తలుపు మీద వచ్చిన ప్లాస్టిక్ పొర ఇంతవరకు తీయవలసిన పని పడలేదు.

పెరటి తలుపు కూడా 1934 నాటిదే. ఈ వానలకు కాస్త ఉబ్బి బిగుసుకుంటోందని, వడ్రంగి వచ్చి అంచున కొంచెం చిత్రిక పడతానన్నాడని మేనత్త ఫోనులో చెప్పింది. అతన్ని ఆగమన్నాం. సంక్రాంతికి సంఘం సమావేశమవుతోంది.