పబ్లిక్‌గా పెట్టిన ఫొటో ఎవరిది?

రష్మిక డీప్‌ఫేక్ వీడియో అందరికీ గుర్తుంది. 2023 నవంబరులో అది బయటపడగానే అమితాబ్ బచ్చన్ దగ్గర్నుంచి కేంద్ర మంత్రి దాకా స్పందించారు, స్పందించాల్సిందే. అయితే ఆ వీడియోలో ముఖం మాత్రమే రష్మికది. ఒళ్లు ఇంకో అమ్మాయిది. బ్రిటన్‌లో ఉండే భారతీయ మూలాలున్న ఆ యువతి లిఫ్టులోకి వస్తున్న తన వీడియోను నెల ముందు తన ఇన్‌స్టాగ్రామ్‌లో తనే పెట్టుకుంది. దాన్నెవరో తీసుకుని, ఆమె ముఖం చెరిపేసి, సినిమా తార ముఖం అతికించి ఊరంతా తిప్పారు. ఆమెను ఎవరూ అడగలేదు. తర్వాత కూడా ఆమె గురించి మాట్లాడినవాళ్లు తక్కువే, ఎందుకంటే చాలామంది లెక్కలో ఆమె తన వీడియో తానే బయట పెట్టుకున్న మనిషి.

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజినీరును అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం అతను రష్మిక మీద పగ ఉన్నవాడు కాదు, ఆమె పేరు మీద ఫ్యాన్ పేజీ నడిపేవాడు, ఫాలోవర్లను పెంచుకోవడానికే ఆ వీడియో చేశాడు. ఆ ఒక్క వివరమే మా చేత ఈ సంపాదకీయం రాయించింది. అభిమానం పేరు మీద నడిచే పేజీలోంచే అవమానం పుట్టిందంటే, మన అభిమాన సంస్కృతిలో ఏదో గట్టిగా దెబ్బతింది. సినిమా తారలకు కనీసం లాయర్లుంటారు, అడిగే నోళ్లుంటాయి. వాళ్లకంటే ఎక్కువగా, ఏ రక్షణా లేకుండా దీనికి బలవుతున్నవాళ్లు ఇంకొకరున్నారు. వాళ్లు ఫిట్‌నెస్ మోడల్స్.

జిల్లా స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా ఇప్పుడు మహిళలకు ఫిజిక్ పోటీలు, అంటే శరీర సౌష్ఠవ పోటీలు జరుగుతున్నాయి. ఒక అమ్మాయి స్టేజీ ఎక్కాలంటే నెలల తరబడి తిండి తూకం వేసుకుని తినాలి, పొద్దున లేచి కార్డియో, సాయంత్రం వెయిట్స్, చివరి వారంలో ఉప్పూ నీళ్లూ కూడా లెక్కే. లైట్ల కింద కండరాల గీతలు కనబడాలని ఒళ్లంతా టాన్ రంగు పూసుకోవాలి. స్టేజీ మీద వేసుకునే బికినీ ఆమె సరదా కాదు, ఆ విభాగం నిబంధన. జడ్జీలు చూసేది భుజాల గుండ్రదనం, వీపు వెడల్పు, తొడ కండరాల విభజన, పోజులో నిలకడ. ఆ రోజు తీసిన ఫొటోను ఆమె తన ఖాతాలో పెట్టుకుంటుంది. కింద ఎన్ని నెలలు కష్టపడిందీ, ఏ కోచ్ దగ్గర నేర్చుకుందీ, అమ్మ ఎలా ఒప్పుకుందీ రాసుకుంటుంది.

కొన్ని గంటల్లో అదే ఫొటో ఇంకో పేజీలో కనబడుతుంది. ఆమె రాసిన క్యాప్షన్ ఉండదు. ఫొటోగ్రాఫర్ వాటర్‌మార్క్ ఉన్న మూల కోసేసి ఉంటుంది. చాలాసార్లు ముఖం కూడా ఉండదు, నడుము కిందికి జూమ్ చేసి ఉంటుంది. దాని కింద వందల కామెంట్లు, ఏవీ ఇక్కడ రాయదగ్గవి కావు. ఆ పేజీ పేరులో మాత్రం 'ఫ్యాన్స్' అని ఉంటుంది, అడ్మిన్ ఎవరో తెలియదు, మెసేజ్ పెట్టి తీసేయమని అడిగితే బ్లాక్ చేస్తారు, ఇంకా గట్టిగా అడిగితే ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి అదే పేజీలో పెట్టి ఇంకో రౌండు ఆనందిస్తారు. అక్కడి నుంచి టెలిగ్రామ్ గ్రూపులకు, అక్కడి నుంచి ఎస్కార్ట్ ప్రకటనల్లోకి, అశ్లీల సైట్లలోకి. ఈ దారిలో ఏ మలుపులోనూ ఎవరూ ఆమెను ఒక్క మాట అడగరు.

దీనికి సమాజం దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: 'తనే పెట్టింది కదా, పబ్లిక్‌గా పెట్టాక ఏడిస్తే ఎలా?' ఈ మాట చదువుకున్నవాళ్లూ అంటున్నారు, ఫిర్యాదు రాసుకోవాల్సిన కుర్చీల్లో కూర్చున్నవాళ్లూ అంటున్నారు. మేం దీన్ని పూర్తిగా తప్పు అంటున్నాం. ఫిట్‌నెస్ మోడల్‌కు పబ్లిక్ ఖాతా అంటే బతుకుదెరువు. ట్రైనింగ్ క్లయింట్లు వచ్చేది అక్కడి నుంచే, బట్టల బ్రాండు, ప్రోటీన్ పౌడరు కంపెనీ చూసేదీ ఆ ఖాతానే. ప్రైవేటు చేసుకోమంటే పని మానుకోమన్నట్టే. షాపు తలుపు తెరిచి పెట్టింది కొనేవాళ్లు రావడానికి గానీ, దొరికింది ఎత్తుకుపోవడానికి కాదు. చూడమని పెట్టింది, నచ్చితే లైక్ కొట్టమని పెట్టింది. కోసి, తల తీసి, ఇంకోచోట ఇంకో అర్థంతో అంటించుకోమని పెట్టలేదు.

ఈ తేడాను మన కోర్టు ఒకటి చాలా స్పష్టంగా పట్టుకుంది. ఒక మహిళ తన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో పెట్టుకున్న మామూలు ఫొటోలను ఎవరో తీసుకెళ్లి అశ్లీల సైట్లో పెట్టారు. ఆ ఫొటోల్లో అభ్యంతరకరమైనది ఏమీ లేదు. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పిందేమంటే, ఫొటో దానంతట అది అశ్లీలం కాకపోయినా, ఆమె అనుమతి లేకుండా అలాంటి సైట్లో పెట్టడమే ఆన్‌లైన్‌లో అశ్లీలాన్ని నిషేధించే ఐటీ చట్టం 67వ సెక్షన్ కిందకు వచ్చే నేరం. సైటు నుంచి తీసేస్తే సరిపోదని, సెర్చ్ ఇంజిన్లు కూడా వాటిని ఫలితాల్లో రాకుండా చూడాలని, అదే ఫొటో మళ్లీ ఎక్కితే గుర్తుపట్టే ఏర్పాటు పెట్టుకోవాలని ఆదేశించింది. ఈ తీర్పులోని తర్కం ఫిట్‌నెస్ మోడల్స్‌కు అచ్చంగా సరిపోతుంది. ఫొటోలో ఏముందన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాన్ని ఎక్కడ, ఎందుకు పెట్టారన్నది కూడా చూడాలి. స్టేజీ మీద క్రీడాకారిణి ఫొటో అయినది, ఆ గ్రూపులోకి పోగానే వేరే సరుకు అవుతోంది.

కానీ ఒక హైకోర్టు చెప్పిన తర్కం కింది దాకా దిగలేదు, చట్టాలు చేసినవాళ్లకూ ఎక్కలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూడండి. మనిషి తనంతట తాను అందరికీ కనబడేలా పెట్టిన వ్యక్తిగత సమాచారానికి ఆ చట్టం వర్తించదని 3వ సెక్షన్‌లోనే రాసేశారు. ఉదాహరణ కూడా ఇచ్చారు: సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాస్తూ తన సమాచారం బయట పెట్టిన మహిళ. అంటే 'తనే పెట్టింది కదా' అనే వీధి మాటకు చట్టంలోనే చోటు దొరికింది. ఒక కంపెనీ వేల మంది ఫిట్‌నెస్ మోడల్స్ ఫొటోలు పబ్లిక్ ఖాతాల నుంచి లాగేసి, బట్టలు విప్పినట్టు చూపించే యాప్‌కు ఏఐ శిక్షణ ఇచ్చుకుంటే, ఆ మోడల్ ఈ చట్టాన్ని పట్టుకుని నిలదీసే దారి లేదు. ఈ మినహాయింపును పార్లమెంటు సవరించాలి. అందరికీ కనబడేలా పెట్టిన ఫొటోను ఆ పెట్టిన ఉద్దేశానికి విరుద్ధంగా వాడితే రక్షణ తిరిగి వర్తించాలి. ఇది మా మొదటి డిమాండు, మిగతావన్నీ దీని తర్వాతే.

కాపీరైట్ అయినా కాపాడుతుందా అంటే అక్కడ ఇంకో చిక్కు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో హక్కు మామూలుగా తీసినవాడిది, ఫొటోలో ఉన్నవాళ్లది కాదు. డబ్బులిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవాళ్లకు వస్తుంది. కానీ కొత్తగా వచ్చే మోడల్స్ చేసేవి ఎక్కువగా 'కొలాబ్' షూట్లు, అంటే ఎవరూ ఎవరికీ డబ్బులివ్వరు, ఇద్దరికీ పోర్ట్‌ఫోలియో. అలాంటి షూట్‌లో కాగితం మీద ఏమీ రాసుకోకపోతే హక్కంతా కెమెరా పట్టుకున్నతని దగ్గరే ఉండిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఇవ్వాల్సింది హక్కుదారు, లేదా ఆయన తరఫు మనిషి. తన ఒంటి ఫొటో మీద తనకు ఫిర్యాదు చేసే హక్కు లేదని మోడల్‌కు తెలిసేది ఫారం నింపేటప్పుడే. అమెరికాలో సూపర్ మోడల్ జీజీ హదీద్ మీదే 2019లో ఒక ఫొటో ఏజెన్సీ కేసు వేసింది, తన ఫొటో తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నందుకు. అంత పేరున్న మనిషికే అలా అయితే, వరంగల్‌లోనో విజయవాడలోనో జిమ్ ట్రైనర్‌గా మొదలుపెట్టిన అమ్మాయి సంగతి చెప్పేదేముంది. షూట్‌కు ముందు ఒక్క పేజీ ఒప్పందం, ఫొటోలు ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు, తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీయాలి అని తెలుగులో రాసుకున్నా చాలు, తర్వాతి గొడవ సగం తగ్గుతుంది.

పేరున్నవాళ్లకు వేరే దారి దొరికింది. తమ పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదనే వ్యక్తిత్వ హక్కులంటూ అమితాబ్ 2022లో, అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, 2025లో మన నాగార్జున కూడా అక్కడే ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మంచిదే, వాళ్ల ముఖం వాళ్లది. అయితే ఈ హక్కు పుట్టిందే ముఖానికి మార్కెట్ విలువ ఉందన్న వాదన మీద. ఇరవై వేల ఫాలోవర్లున్న ఫిట్‌నెస్ కోచ్ ఢిల్లీలో సీనియర్ లాయరును పెట్టుకోగలదా? డెన్మార్క్ ప్రభుత్వం 2025లో ముందుకు తెచ్చిన ఆలోచన ఇక్కడే మాకు నచ్చింది: సెలబ్రిటీ అయినా కాకపోయినా, ప్రతి మనిషికీ తన ముఖం, ఒళ్లు, గొంతు మీద హక్కు ఉండాలని, అనుమతి లేని డీప్‌ఫేక్ కాపీలను తీయించే అధికారం చట్టంలోనే రాయాలని. మనకు కావాల్సింది అలాంటిది.

ఇది ఆడవాళ్ల సమస్య మాత్రమే అనుకోవద్దు. మగ మోడల్స్ ఫొటోలతో పెళ్లి సైట్లలో దొంగ ప్రొఫైళ్లు తయారవుతాయి, ఆ ముఖం చూసి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు చివరకు ఆ మోడల్‌నే తిడతారు. ఏళ్లు కష్టపడి బరువు తగ్గినవాళ్ల 'బిఫోర్, ఆఫ్టర్' ఫొటోలు వాళ్లు ఎప్పుడూ చూడని స్లిమ్మింగ్ పౌడరు ప్రకటనలో తేలుతాయి. వాళ్ల చెమటను ఎవడో డబ్బాలో పోసి అమ్ముకుంటున్నాడు.

ఇప్పుడు అభిమానుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే చట్టం కంటే త్వరగా మారగలిగినవాళ్లు వాళ్లే. తెలుగు నేలకు అభిమాన సంఘాలు కొత్త కాదు. మనకు తెలిసిన పాత సంఘానికి ఒక అధ్యక్షుడుండేవాడు, కటౌట్ కింద అతని ఫొటో, పేరు, ఊరు ఉండేవి, రక్తదాన శిబిరం పెట్టినా గొడవ చేసినా ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. ఇప్పటి ఫ్యాన్ పేజీకి ఊరూ పేరూ లేదు, ఆ చీకట్లోనే ఇదంతా పెరుగుతోంది. మంచి పేజీలు లేవని మేం అనడం లేదు. మోడల్ పేరు ట్యాగ్ చేసి, ఆమె రాసింది కూడా పెట్టి, అసభ్యమైన కామెంట్లు తీసేస్తూ, వర్కవుట్ గురించి చర్చ నడిపే అడ్మిన్లున్నారు, వాళ్ల వల్ల ఎంతోమంది మోడల్స్‌కు పని దొరికింది. వాళ్లను మేం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. మిగతావాళ్లకు మా మాట సూటిగా: పెట్టేముందు అడగండి, కోయకండి, తీసేయమంటే అదే రోజు తీసేయండి, కారణం అడగొద్దు. తీసేయమన్నాక కూడా ఉంచితే దాన్ని అభిమానం అనరు, వేధింపు అంటారు. ఒక స్త్రీ వద్దంటున్నా ఆన్‌లైన్‌లో ఆమె వెంటపడి గమనించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం కూడా.

ప్లాట్‌ఫామ్‌ల వైపు చూస్తే, 2021 ఐటీ నిబంధనల్లో నగ్నత్వం ఉన్న ఫొటోలు, మార్ఫింగ్ చేసినవి బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసేయాలని రాశారు, 2026లో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. ఫిట్‌నెస్ మోడల్ ఇరుక్కునేది సరిగ్గా దీనికి కాస్త ఇవతల. ఆమె ఫొటోలో నగ్నత్వం లేదు, మార్ఫింగ్ లేదు, కోసి జూమ్ చేశారంతే. కాబట్టి 'మా నిబంధనలకు విరుద్ధం కాదు' అనే జవాబు వస్తుంది. ఫొటోలో ఉన్న మనిషే స్వయంగా వద్దంటున్నప్పుడు, వార్తా ప్రాధాన్యం లేని చోట ఆ ఒక్క కారణం సరిపోవాలి. వార్తకు, విమర్శకు మినహాయింపు ఉండాలి, అది మా వృత్తికీ అవసరమే, కానీ తల లేని ఫొటోలో వార్త ఏముంటుంది?

ఇప్పటికిప్పుడు ఇబ్బందిలో ఉన్నవాళ్లు టెన్షన్‌లో ముందు చేసే పని ఖాతా డిలీట్ చేయడం. ఆగండి. ఒరిజినల్ పోస్టు తేదీతో సహా మీ దగ్గర ఉండటమే మీ ఆధారం. అవతలి పేజీ లింకు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. జవాబు సరిగా లేకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేయొచ్చు. దానికి లాయరు అక్కర్లేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలపై నేరాల విభాగంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు, కొన్ని రకాల నేరాలకు పేరు చెప్పకుండా కూడా.

తెలుగు రాష్ట్రాల్లో పోటీలు పెట్టే సంఘాలకు ఒక మాట. ఎంట్రీ ఫీజు కట్టించుకునే రోజే సంతకం పెట్టించుకునే కాగితంలో ఫొటోలన్నీ నిర్వాహకులవే అని ఒక వాక్యం ఉంటే, దాన్ని తీసేయండి. స్టేజీ ముందు ఎవరు కెమెరా పట్టుకోవచ్చో పాసులిచ్చి నిర్ణయించండి, ప్రేక్షకుల్లోంచి జూమ్ చేసి వీడియో తీస్తున్నవాళ్లను బయటికి పంపండి. వచ్చే సీజన్ ఎంట్రీ ఫారాలు అచ్చు వేయించే ముందే ఈ పని అయిపోవాలి.