పెద్దయిన పిల్లలకు వెండి కాదు, కాగితాల ఫైలు ఇవ్వండి

పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక కూడా పండక్కి మనకు తోచేవి రెండే: బట్టలు, వెండి. చీర మడత విప్పకుండా బీరువాలో ఉంటుంది, కుంకుమభరిణె నల్లబడుతుంది. మనం ఇవ్వాల్సింది వాళ్లంతట వాళ్లు సమకూర్చుకోలేనిది.

అందులో మొదటిది కాగితాల ఫైలు. పుట్టినతేదీ సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్, చిన్నప్పటి టీకాల కార్డు, మీ పెళ్లి సర్టిఫికెట్. పెట్టే ముందు ఒక్కో అక్షరం సరిచూడండి. పాత బర్త్ సర్టిఫికెట్లలో చాలావాటికి పిల్లల పేరు గడి ఖాళీగా ఉంటుంది. అమ్మ పేరు ఒకచోట లక్ష్మి, ఇంకోచోట మహాలక్ష్మి. మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. అమెరికాలో గ్రీన్‌కార్డుకి వెళ్లినప్పుడు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. అసలు నమోదే కాకపోతే నమోదు లేదన్న పత్రం తీసుకుని, పుట్టుక తెలిసిన పెద్దవాళ్లు అఫిడవిట్ ఇవ్వాలి. ఆ పెద్దవాళ్లు మీరే. ఓపిక ఉండగానే మున్సిపాలిటీ చుట్టూ తిరిగేయండి. దయచేసి ఒరిజినల్స్‌కి లామినేషన్ చేయించకండి! విదేశాలకు అటెస్టేషన్ ముద్ర కాగితం మీదే వేస్తారు, ప్లాస్టిక్ అతికించినది వెనక్కి పంపేస్తారు. విడివిడి కవర్లలో పెడితే చాలు.

రెండోది నూనె పట్టించి సిద్ధం చేసిన ఇనప పెనం. కొత్తది కొని ఊరికే ఇస్తే దోసె అంటుకుంటుంది, వారంలో అటకెక్కుతుంది. ముందు సబ్బుతో గట్టిగా తోమి తుప్పుపట్టకుండా పూసిన నూనె వదిలించాలి. పొయ్యి మీద పూర్తిగా ఆరనిచ్చి, అర చెంచా నూనె గుడ్డతో రుద్ది, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేయాలి. పొగ వచ్చేదాకా కాచి చల్లార్చాలి. ఇలా నాలుగైదుసార్లు. నూనె ఎక్కువైతే నల్లగా మెరవాల్సిన పెనం జిగటగా తయారవుతుంది, చాలామంది చేసే తప్పు అదే. దాంట్లో చింతపండు పులుసు కాచకూడదని, కడిగి తడిగా వదలకూడదని చెప్పి మరీ ఇవ్వండి. అద్దె గదుల్లో ఇండక్షన్ స్టవ్‌లే ఎక్కువ కాబట్టి అడుగు చదునుగా ఉన్నది చూసి కొనండి. పోత ఇనుముదైతే కింద పడితే పగులుతుంది, ఆ సంగతీ చెప్పండి.

ఆరోగ్య బీమా మొదటి ఏడాది ప్రీమియం కట్టడం కూడా మంచి కానుకే. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీలో అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఫారంలో షుగరో థైరాయిడో దాచారంటే క్లెయిమ్ దగ్గర దెబ్బతింటారు.

బంగారమే పెట్టాలనుకుంటే నగ మీద చెక్కే అంకెలు, అక్షరాలు కలిసిన 6 స్థానాల హాల్‌మార్క్ గుర్తింపు నంబరు, అంటే హెచ్‌యూఐడీ ఉన్నదే తీసుకోండి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. బిల్లు వాళ్లకే ఇచ్చేయండి.

డబ్బు ఇస్తే ఖాతాకే పంపండి. తల్లిదండ్రులు ఇచ్చిన సొమ్ము మీద పిల్లలకు పన్ను లేదు. కానీ ఒక్కరోజులో 2 లక్షలో అంతకు మించో నగదు చేతికి తీసుకుంటే, తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ‘మా అబ్బాయికి బహుమతిగా ఇచ్చాను’ అని తేదీ, మొత్తం రాసి సంతకం చేయండి. రేపు ఇంటి లోనుకి బ్యాంకువాళ్లు ఈ డబ్బెక్కడిదని అడిగితే చూపించేది ఆ కాగితమే. అదీ ఆ ఫైల్లోనే పెట్టండి.