ప్లాట్‌ఫారం మైకు గారికి మనవి

మైకు గారూ,

నమస్కారం. మీ గొంతుకి వంక పెట్టేంతటివాణ్ణి కాదు. ‘దయచేసి వినండి’ అని మీరు ఎత్తుకుంటే స్టేషన్ బయట ఆటోవాళ్ళకి కూడా వినపడుతుంది. అంతవరకూ స్పష్టమే. ఆ తర్వాత వచ్చే రైలు నంబరూ, ప్లాట్‌ఫారం నంబరే అంతుచిక్కవు. రేకుల కప్పుకి తగిలి, పక్క ప్లాట్‌ఫారం మైకుతో కలిసి, మూడు భాషలూ ఒకే గోల.

మా పెదనాన్న చెవి మిషన్ పెట్టుకుంటారు. ఆ మిషన్‌కి మీ మీద ప్రత్యేక భక్తేమీ లేదు. మీ ప్రకటననీ, ‘చాయ్ చాయ్’నీ, గూడ్సు బండి కూతనీ సమానంగా పెంచి చెవిలో పోస్తుంది. మొన్న ప్లాట్‌ఫారం మారిందని మీరు అరుస్తుంటే ఆయన నవ్వుతూ తలూపారు. వినపడనప్పుడు అలాగే ఊపుతారు. నా చెవులు బాగానే ఉన్నాయి, నాకూ అర్థం కాలేదు. జనం ఎటు పరుగెడితే అటు పరుగెత్తాం.

ఇంతలో 2022లో ఆరాకాస్ట్ అని ఒకటి వచ్చింది, బ్లూటూత్ వాళ్ళింటి పిల్లే. చిన్న ట్రాన్స్‌మిటర్ మాటని గాల్లోకి వదులుతుంది. దాని పరిధిలో ఎంతమంది ఉన్నా, ఫోన్‌లో వైఫై ఎంచుకున్నట్టు ఎంచుకుంటే చాలు, నేరుగా చెవి మిషన్‌లోనో ఇయర్‌బడ్స్‌లోనో పలుకుతుంది. తెలుగుకి ఒక ప్రసారం, హిందీకి ఒకటి పెట్టుకోవచ్చు. అరవక్కర్లేదు. అసలు గది చుట్టూ తీగ చుట్టి, అయస్కాంత క్షేత్రం ద్వారా మాటని మిషన్‌లోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్టకి పంపే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. బ్రిటన్‌లో టికెట్ కౌంటర్ల దగ్గర కనిపించే చెవి బొమ్మ, పక్కన ‘టి’ అక్షరం దాని గుర్తే. చెవి బొమ్మని నేను ఈఎన్‌టీ డాక్టరు బోర్డు మీదే చూశాను.

కంగారు పడకండి, మీ ఉద్యోగం ఇప్పట్లో పోదు. ఆరాకాస్ట్ అందాలంటే మిషన్ కొత్త రకమై ఉండాలి, దాని ఖరీదు అడిగితే పెదనాన్నకి ఉన్న వినికిడి కూడా పోతుంది. స్టేషన్ వాళ్ళు ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టాలి మరి. రైల్వే స్టేషన్లలో దివ్యాంగులకి సౌకర్యాలుండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. దాన్ని చదివినవాళ్ళెవరో మీ సౌండు పెంచినట్టున్నారు.

అందాకా ఒక్క సాయం చేయండి. ప్లాట్‌ఫారం మార్చినప్పుడు బోర్డు మీద కూడా మార్చమని మీ పైవాళ్ళకి చెప్పండి. ఈ ఉత్తరానికి జవాబు మాత్రం మైకులో చెప్పొద్దు, కాగితం మీద రాసి పంపండి.

ఇట్లు,
వెయిటింగ్ హాల్లో ఒక ప్రయాణికుడు