గులాబీ రంగు పైలటా? ఏ కాలంలో?

పాత వాచీలమ్మే వాళ్లు పెట్టిన పోస్టు చూశారా? గులాబీ రంగు హెచ్‌ఎంటీ పైలట్ మోడల్ వాచీ అట! పైగా "ఒరిజినల్ సార్, పాత స్టాకు, ఒక్కసారి కూడా పెట్టుకోలేదు." అబ్బో! హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతకి కేంద్రం 2016లోనే ఒప్పుకుంది కదా, మరి నెలనెలా ఈ పాత స్టాకు ఏ చెట్టుకి కాస్తోంది?

వెనక మూత తీసి మెషీన్ ఫొటో పెట్టండయ్యా అంటే కోపం! డయల్‌ని పది రెట్లు పెద్దగా చూపే లూప్ భూతద్దంతో చూస్తే బండారం బయటే. అక్షరాల అంచులు ముద్దముద్దగా, నిమిషాల గీతలు ఒకచోట ఇరుగ్గా, ఒకచోట ఎడంగా. డయల్ మీది రేడియం (చీకట్లో మెరిసే పూత) తెల్లగా మెరుస్తుంటే ముల్లు మీదది గోధుమ రంగు. రెండూ ఒకే వయసువైతే ఇదెలా? అసలు డయల్‌కి వెనక రెండు కాళ్లుంటాయి, పక్క స్క్రూలతో బిగుస్తాయి. వీళ్లు వేరే డయల్ తెచ్చి, కాళ్లు విరిచి, గమ్ముతో అంటిస్తారు. అది కాస్త జరిగిందా, గంటల ముల్లుని తిప్పే చక్రానికి రాసుకుని వాచీ ఠపీమని ఆగుతుంది.

ఇక వీళ్లు చేశామనే "ఫుల్ సర్వీస్". విప్పేదీ లేదు, కడిగేదీ లేదు, పైనుంచి ఓ చుక్క నూనె! అది హెయిర్‌స్ప్రింగ్‌కి (వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి చుట్టల స్ప్రింగుకి) అంటితే చుట్లు అతుక్కుని వాచీ నిమిషాలకి నిమిషాలు ముందుకు పరిగెడుతుంది. అడిగితే "మెషీన్ మంచి స్పీడు మీదుంది సార్" అంటారు!