కుర్చీ మీది తెల్ల తువ్వాలుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెల్ల టర్కీ తువ్వాలు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. బెంగళూరులోని ఒకానొక ఆరోగ్య కార్యాలయంలో, పై అంతస్తులో, తిరుగుడు కుర్చీకి మిమ్మల్ని కప్పిన గదికి వచ్చే నెల నుంచి నన్ను పంపుతున్నారు. పదోన్నతి అట. రోజంతా నా వీపు మీకు ఆనుకునే ఉంటుంది కాబట్టి ముందుగా నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మొత్తం ఆఫీసులో ఇంత తెల్లగా ఉన్నది మీరొక్కరే. మిమ్మల్ని ఉతికించి, ఇస్త్రీ చేయించి, అంచులు సరిచూసి మరీ పరుస్తారు. అదే గదిలో మూలన ఒక వాష్‌బేసిన్ ఉంది. చేతులు కడుక్కునే పద్ధతి గురించి దాని పైన రంగుల పోస్టరు ఉంది, కింద సబ్బు లేదు. కడుక్కున్నవాళ్లు కొంగుకో, ప్యాంటుకో తుడుచుకుని పోతారు తప్ప మీ మీద చెయ్యి వేయరు. తడి చెయ్యి ఎరగని తువ్వాలును చూడాలంటే ఆరోగ్య శాఖకే రావాలి.

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేశాను. హిందూపురంలో మా పెద్దమ్మ "ఏ జబ్బులు చూస్తావే?" అని అడిగితే, జబ్బులు రాకుండా చూస్తానన్నాను. "మరి ఫీజు ఎవరిస్తారు?" అంది. మా శాఖ బడ్జెట్ మీద ఇంత సూటైన వ్యాఖ్య మళ్లీ వినలేదు.

తర్వాత ఏళ్ల తరబడి టార్చిలైటు పట్టుకుని డ్రమ్ములు, సంపులు, పూలకుండీల కింది పళ్లేలు చూశాను. నూరిళ్లు చూస్తే ఎన్నింట్లో డెంగ్యూ దోమ పిల్లలున్నాయన్నది మా లెక్క. ఒకసారి, కడుతున్న అపార్టుమెంటులో లిఫ్టు గుంత దగ్గర వంగి వెలుతురు వేయగానే, పైన తేలుతున్న పురుగులన్నీ మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. పాలమూరు మేస్త్రీ నా వెనుకే నిలబడి చూస్తున్నాడు. "రెక్కలు రాకముందే పని పట్టాలన్నమాట, డాక్టరమ్మా" అన్నాడు. పాఠ్యపుస్తకం అధ్యాయమంతా చెప్పేది అదే. సాయంత్రానికి గుంత తోడించాడు. నా ఉద్యోగంలో ఒక మాట చెప్పిన రోజే పని జరగడం అరుదు.

మీ వంశం పాతది. 1883లో ఇదే ఊళ్లో రొనాల్డ్ రాస్ అనే కుర్ర సైనిక వైద్యుడు తన కిటికీ బయటి తొట్టిలో దోమ పిల్లలున్నాయని గమనించి దాన్ని బోర్లించాడు. దోమలు పోయాయి. మెస్సు దగ్గర కూడా ఇలాగే చేద్దామంటే పై అధికారి ఒప్పుకోలేదు. సృష్టిలో దోమకూ ఏదో పని ఉంటుంది, భరించాలన్నాడట. ఆ రాసే 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. ఆ అధికారి కుర్చీ మీద మీ ముత్తాత ఉండే ఉంటాడని నా అనుమానం.

పదోన్నతికి ముందు మాకు నాయకత్వ శిక్షణ ఇచ్చారు. పెద్ద హోటలు, చల్లటి హాలు, కాగితపు కప్పులతో గోపురం కట్టే పోటీ. మా బల్ల మీద గాజు సీసాలో మనీప్లాంటు, ఆ నీళ్లలో దోమ పిల్లలు. చెయ్యెత్తి చూపించాను. శిక్షకుడు నా సూక్ష్మ పరిశీలనకు చప్పట్లు కొట్టించి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు. సీసా అక్కడే ఉంది. టీ విరామంలో నేనే బాత్‌రూముకు తీసుకెళ్లి పారబోశాను. ఆ పనికి మార్కులు లేవు. గోపురానికి ఉన్నాయి.

నా ఫిర్యాదు వ్యక్తుల మీద కాదు. ముప్పై ఏళ్లు అపెండిక్సులు కోసిన మంచి సర్జనును సీనియారిటీ చూసి మీ ఒళ్లో కూర్చోబెట్టి, జిల్లాలో కలరా ఆపమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పక్కన తమిళనాడులో ప్రజారోగ్యానికి వేరే డైరెక్టరేటు, వేరే కేడరు, అంటే ఆ పనికే ప్రత్యేకించిన అధికారుల వరుస, ఎప్పటి నుంచో ఉన్నాయి. అన్ని రాష్ట్రాలకూ అలాంటి కేడరు కావాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా అంది. మన దేశంలో విధానాలను మీలాగే మడత నలగకుండా చూసుకుంటారు.

ఇక నా షరతులు. శుక్రవారం డ్రైడే, అంటే ఇళ్లలో నిలవ నీళ్లు పారబోయించే రోజు. ఆ ఉదయం నేను కుర్చీలో ఉండను, డ్రమ్ముల దగ్గర ఉంటాను. పై నుంచి ఫోను వస్తే మీరే ఎత్తి, "పరిశీలనలో ఉంది" అని చెప్పండి. ఇన్నాళ్లూ ఆ గదిలో ఉన్నారు, ఆ మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది. రెండోది, చేరిన రోజే సబ్బు కొంటాను, మిమ్మల్ని కుర్చీ మీది నుంచి తీసి వాష్‌బేసిన్ పక్కన మేకుకు తగిలిస్తాను. బదిలీ అనుకోకండి, మీకూ అది పదోన్నతే. ఉత్తర్వులు తర్వాత వస్తాయి.

ఇట్లు,
తడి చేతులతో రానున్న మీ కొత్త అధికారి